ఆర్భాటము వెనుక సాధన: గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ

మన నాటకశాలలలో రాజవేషము ధరించిన నటుని శిరస్సుపై నుండునది అట్టకిరీటమే యని ముందువరుసలో కూర్చున్న పిల్లవానికి కూడ తెలియును. అయినను ఆ నటుడు గొంతెత్తి పద్యమును అందుకొని రాగమును సాగించినప్పుడు, కిరీటము అట్టది యన్న సంగతి ఎవరికిని జ్ఞప్తికి రాదు. గొంతులో బలము లేనివాడు ధరించినచో అదే కిరీటము నవ్వులపాలగును. వేషమునకు విలువనిచ్చునది విద్య. ఈ సత్యమును పాశ్చాత్య సంగీతరంగమున తన జీవితముచే నిరూపించిన గాయకుడొకడు కలడు. 1986వ సంవత్సరపు వేసవిలో ఐరోపా నగరములందు వేలకొలది జనుల యెదుట తలపై కిరీటము పెట్టుకొని, నేలపై జీరాడు ఎర్రని రాజవస్త్రమును కప్పుకొని రంగస్థలముపై నడచిన ఆ గాయకుని పేరు ఫ్రెడీ మెర్క్యురీ.

1980వ దశకమును చూచినవారికి ఆ కాలపు పాప్ సంగీతపు ఆర్భాటము నేటికిని కన్నులకు కట్టినట్లుండును. 1981 ఆగస్టులో అమెరికాలో ఎమ్.టి.వి. యను టెలివిజన్ ప్రసారము మొదలైన పిదప, పాట వినుటకే గాక చూచుటకును వస్తువయ్యెను. గాయకులు జుట్టునకు రంగులు పూసి ఆకాశమునకు నిలిపిరి. మగవారు కన్నులకు కాటుక దిద్దిరి. పాటకంటె ముందు ప్రకటన వచ్చి తలుపు తట్టెను. లివర్‌పూల్ నగరమునుండి వచ్చిన ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ అను బృందముయొక్క మొదటి మూడు పాటలును 1984లో బ్రిటనున వరుసగా ప్రథమస్థానమును పొందెను. వారి పేరు అచ్చువేసిన చొక్కాలు వీధివీధిని కనబడెను. 1987 నాటికి ఆ బృందమే చెదరిపోయెను. సిగ్ సిగ్ స్పుత్నిక్ అను మరియొక బృందము 1986లో తన తొలి ఆల్బమునందు పాటకును పాటకును నడుమనున్న ఖాళీని వ్యాపార ప్రకటనలకు అమ్ముకొనెను!

ఇవన్నియు నేడు తలచుకొన్నచో కోపము కలుగదు, చిరునవ్వే కలుగును. తిరునాళ్లలో కొన్న రంగుల గాలిమర మరునాడే విరిగిపోయినను దానిమీది మమకారము పోదు గదా! అయితే ఆ తిరునాళ్లలో కొన్న వస్తువులన్నిటిలో నేటికిని చెడక నిలిచినది యేది యని వెదకినచో, అందరికంటె ఎక్కువ ఆర్భాటము చేసిన క్వీన్ బృందమే ముందుగా చేతికి తగులును. ఆర్భాటము చేసినవారు పెక్కురుండగా వీరే ఏల నిలిచిరి? ఫ్రెడీ మెర్క్యురీ జీవితమే ఈ ప్రశ్నకు సమాధానము.

ఆయన అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. 1946 సెప్టెంబరు 5వ తేదీన, ఆఫ్రికా తూర్పుతీరమునకు చేరువనున్న జాంజిబార్ ద్వీపమున జన్మించెను. 1962 నుండి మనదేశమున ఉపాధ్యాయ దినోత్సవము జరుపుకొనుచున్న తేదీ అదియే యగుట ఒక చక్కని యాదృచ్ఛికము. తండ్రి బోమీ, తల్లి జెర్. వారు జరతుష్ట్రమతమునకు చెందిన పార్సీలు. గుజరాతులోని బుల్సారు పట్టణము, అనగా నేటి వల్సాడు, పేరే వారి ఇంటిపేరయ్యెను. జాంజిబార్ నాడు బ్రిటిషువారి రక్షణలోని సుల్తాను రాజ్యము. బోమీ అచ్చటి ప్రభుత్వ కార్యాలయమున క్యాషియరుగా పనిచేయుచుండెను. ఆరేండ్ల తరువాత కష్మీరా యను చెల్లెలు పుట్టెను.

ఎనిమిదేండ్ల వయసున బాలుని తల్లిదండ్రులు చదువుకొరకు సముద్రము దాటించి మనదేశమునకు పంపిరి. పడమటి కనుమలపై, నేటి మహారాష్ట్రలోని సాతారా జిల్లాలో పంచగని యను చల్లని ఊరు కలదు. అచ్చటి సెయింట్ పీటర్స్ అను వసతి పాఠశాలలో అతడు చేరెను. తల్లిదండ్రులకును బిడ్డకును నడుమ అరేబియా సముద్రము. సెలవులలో బొంబాయిలోని బంధువుల ఇల్లే అతని ఇల్లు. ఇంతటి ఒంటరితనమున ఆ బాలునకు దొరికిన తోడు పియానో. రేడియోలో విన్న పాటను కొద్దిసేపటిలోనే పియానోపై పలికింపగలుగుటను చూచి పాఠశాలాధిపతి ముచ్చటపడి, కొంచెము రుసుము అదనముగా చెల్లించినచో ఇతనికి సంగీతమును క్రమముగా నేర్పవచ్చునని తల్లిదండ్రులకు ఉత్తరము వ్రాసెను. వారు సమ్మతించిరి. బాలుడు సంగీతమున ప్రయోగపరీక్షయందును, శాస్త్రపరీక్షయందును నాలుగవ శ్రేణి వరకు ఉత్తీర్ణుడయ్యెను. ఆ ఉత్తరము వ్రాయబడకున్నచో ఈ కథ ఏ మలుపు తిరిగియుండెడిదో ఊహింపలేము.

సుమారు పండ్రెండేండ్ల వయసున సహాధ్యాయులతో కలిసి హెక్టిక్స్ అను పేర ఒక చిన్న బృందమును నెలకొల్పి, పాఠశాల వేడుకలలో అతడు పియానో వాయించెను. అతనిని ఫ్రెడీ యని పిలుచుట మొదలైనదియు అచ్చటనే. అతనికి నోటిలో నాలుగు పండ్లు ఎక్కువగా నుండుటచే ముందరి పండ్లు ఎత్తుగా కనబడెడివి. పిల్లలు దానికి తగిన వెక్కిరింపు పేరును కూడ పెట్టిరి. పెద్దవాడై ధనము గడించిన పిదపనైనను ఆయన ఆ పండ్లను సరిచేయించుకొనలేదు. నోటి నిర్మాణము మారినచో గొంతు మారునేమో యని ఆయన భయము. అందముకంటె గొంతును ఎక్కువగా ప్రేమించిన ఈ మనిషిని లోకము కేవలము అలంకారప్రియుడని తలచుట విచిత్రము.

1963లో ఫ్రెడీ జాంజిబార్‌కు తిరిగివచ్చెను. మరుసటి యేడు జనవరిలో అచ్చట విప్లవము చెలరేగి సుల్తాను పదభ్రష్టుడయ్యెను. వేలకొలది అరబ్బులును భారతీయులును ప్రాణములు కోల్పోయిరి. బుల్సారా కుటుంబము చేతికందిన సామగ్రితో ఇంగ్లండు చేరి, లండన్ విమానాశ్రయమునకు దాపుననున్న ఫెల్తమ్‌లో ఒక చిన్న ఇంట కాపురము పెట్టెను. పదునేడేండ్ల యువకుడు కొత్తదేశమున మరల మొదటినుండి మొదలుపెట్టవలసి వచ్చెను. అతడు ఈలింగ్ కళాశాలలో చిత్రలేఖనమును, రూపకల్పనను అభ్యసించి 1969లో డిప్లొమా పొందెను. ఖర్చులకొరకు హీత్రో విమానాశ్రయమున సామానులు మోసెను; కెన్సింగ్‌టన్ బజారులో పాతబట్టలు అమ్మెను.

కళాశాల మిత్రుని మూలమున బ్రయన్ మే, రోజర్ టేలర్ అను ఇద్దరు వాద్యకారులతో పరిచయమయ్యెను. 1970లో ఆ ముగ్గురును కలిసి కొత్త బృందమును నిర్మించిరి. దానికి రాణి యని అర్థము వచ్చునట్లు క్వీన్ అని నామకరణము చేసినవాడు ఫ్రెడీయే. బుల్సారా యను ఇంటిపేరును విడిచి బుధగ్రహము పేరును, అనగా మెర్క్యురీ యను పేరును, తనకు తాను పెట్టుకొనినదియు ఆ కాలముననే. 1971లో జాన్ డీకన్ చేరుటతో బృందము పూర్తియయ్యెను. నలుగురి జన్మరాశులను బట్టి రెండు సింహములు, ఒక కర్కటకము, ఇద్దరు దేవకన్యలు, పైన రెక్కలు చాచిన ఫీనిక్స్ పక్షి గల రాజచిహ్నమును ఫ్రెడీ స్వయముగా చిత్రించెను. అప్పటికి వారికి రాజ్యము లేదు, ప్రజలు లేరు. చిహ్నము మాత్రము సిద్ధముగా నుండెను!

ఆ నలుగురును చదువుకొన్నవారే. మే భౌతికశాస్త్ర విద్యార్థి. నడుమ విడిచిన నక్షత్రశాస్త్ర పరిశోధనను 2007లో పూర్తిచేసి డాక్టరు పట్టమందుకొనెను. డీకన్ ఎలక్ట్రానిక్స్ పట్టభద్రుడు. టేలర్ దంతవైద్యము మొదలుపెట్టి జీవశాస్త్రమునకు మారెను. ఒక్క సాయంకాలపు కేకలతో కీర్తి సంపాదింపగోరిన వారు కారు. అయినను 1973లో వెలువడిన తొలి ఆల్బమును పెక్కుమంది విమర్శకులు తేలికచేసిరి. సిల్కు దుస్తులు, నల్లరంగు పూసిన గోళ్లు, రాచఠీవి, వీనిని చూచి ఇది వట్టి డాబని కొందరు తీర్మానించిరి.

దీనికి ఫ్రెడీ మాటలతో ప్రత్యుత్తరమీయలేదు. 1975లో బొహీమియన్ రాప్సొడీ యను ఆయన రచన వెలువడెను. మెల్లని విలాపముగా మొదలై, నడుమ ఆపెరా యను సంగీతనాటకపు పోకడలు పోయి, గిటారుల ఉరుముగా విజృంభించి, మరల మౌనములోనికి జారిపోవు గీతమది. ఇరువదినాలుగు వరుసల టేపుపై మే, టేలర్, మెర్క్యురీ తమ ముగ్గురి గొంతులనే దొంతరలు దొంతరలుగా పేర్చుచు దినమునకు పది పండ్రెండు గంటలు పాడిరి. మరల మరల నడచుటచే టేపు అరిగి పలుచబడెను. సుమారు ఆరు నిమిషముల పాటను రేడియోలో ఎవరు వేయుదురని రికార్డు కంపెనీవారు సందేహించిరి. లండన్ రేడియో వ్యాఖ్యాత కెన్నీ ఎవరెట్ దానిని రెండు దినములలో 14 మారులు వినిపించెను! ఆ పాట బ్రిటనున తొమ్మిది వారములు ప్రథమస్థానమున నిలిచెను.

రంగస్థలముపై ఆయన చేసిన విన్యాసములలో ప్రజలు నేటికిని మరువనిది విరిగిన మైకు కమ్మి. తొలినాళ్లలో ఒక ప్రదర్శనమధ్యమున మైకును నిలుపు కమ్మి ఊడి రెండుగా వచ్చెను. ఫ్రెడీ తడబడక పైముక్కతోనే పాట ముగించెను. ఆపైన జీవితాంతము దానినే చేతబట్టెను. రాజునకు దండమెట్లో ఆయనకు ఆ కమ్మి అట్లయ్యెను. లోపమును అలంకారముగా మార్చుకొనుట ఎల్లరకును చేతనగు విద్య కాదు. 1977లో ఒక కచేరీ ముగిసిన పిదప శ్రోతలు ఇండ్లకు పోక గొంతులు కలిపి పాడుటను చూచి, జనము కూడ పాల్గొనదగిన పాటలు కావలయునని వారు భావించిరి. ఆ సంవత్సరమే మే యొక పాటను, మెర్క్యురీ యొక పాటను రచించిరి. నేటికిని ప్రపంచమునందలి క్రీడాస్థలములలో చప్పట్లతోడను, కాలితాళముతోడను వినబడుచున్నవి ఆ పాటలే. మన పద్యనాటకములలో వన్స్‌మోరు కేకతో ప్రేక్షకుడు నాటకములో భాగస్వామి యగును. ఫ్రెడీ ప్రేక్షకునకు కేకనే గాక, పాటలో పాలును కూడ పంచియిచ్చెను.

1981 మార్చిలో బ్రెజిల్ దేశపు సావో పాలో నగరమున ఒకే కచేరీకి 1,31,000 మంది వచ్చిరి. ఇంగ్లీషు మాతృభాష కాని ఆ జనము ఇంగ్లీషు పాటను ఏకకంఠమున పాడగా గాయకుడు నిలువబడి వినెను. కాని కీర్తికి ఆటుపోటులు తప్పవు. 1982లో నృత్యసంగీతపు బాణీలో వెలువడిన ఆల్బము అభిమానులకే రుచింపలేదు. 1984లో ఒక పాట చిత్రమునందు నలుగురును ఆడువేషములు వేసిరి. అది బ్రిటిషు టెలివిజన్ ధారావాహికకు వికటానుకరణమని తెలిసి బ్రిటనువారు నవ్విరి. అమెరికాలో మాత్రము పెక్కురు ముఖము చిట్లించిరి. స్థానం నరసింహారావుగారి స్త్రీపాత్రలకు జోహారులర్పించిన తెలుగువారికి ఇందులో వింత తోపదు.

ఆ సంవత్సరమే బృందము నిజముగా తప్పటడుగు కూడ వేసెను. వర్ణవివక్షను పాటించు దక్షిణాఫ్రికాను కళాకారులు బహిష్కరింపవలయునని ఐక్యరాజ్యసమితి కోరియుండగా, 1984 అక్టోబరులో క్వీన్ అచ్చటి సన్ సిటీలో కచేరీలు చేసెను. బ్రిటిషు సంగీతకారుల సంఘము వారికి జరిమానా విధించెను. తాము రాజకీయములకు చెందినవారము కామని వారు చెప్పుకొన్న సమాధానము ఎవరిని ఒప్పింపలేదు. వలసవచ్చిన కుటుంబములో పుట్టిన గాయకుని జీవితమున ఈ మచ్చను దాచుట చరిత్రకు న్యాయము కాదు.

ఇక బృందపు పని ముగిసినదని పలువురు తలచుచున్న వేళ 1985 జులై 13 వచ్చెను. ఇథియోపియా క్షామబాధితుల సహాయార్థము బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ అనువారు లండనులోని వెంబ్లీ క్రీడాస్థలమునను, అమెరికాలోని ఫిలడెల్ఫియాలోను ఒకే దినమున లైవ్ ఎయిడ్ కచేరీలను ఏర్పాటుచేసిరి. ప్రతి బృందమునకును సుమారు ఇరువది నిమిషములే గడువు. చాలమంది అట్లే వచ్చి పాడి పోయిరి. క్వీన్ మాత్రము ముందుగా ఒక నాటకశాలను తీసికొని, గడియారము నెదుట పెట్టుకొని, దినముల తరబడి అభ్యసించెను. ఆ సాయంకాలము మామూలు తెల్లని బనియనుతో ఫ్రెడీ రంగముపైకి పరుగున వచ్చి పియానో ముందు కూర్చుండెను. కిరీటము లేదు, దీపముల హంగు లేదు. ఇంకను పగటివెలుతురే యున్నది. ఇరువదియొక్క నిమిషములలో ఆయన 72,000 మంది చేతులను ఒక్కమారుగా లేపెను. తాను ఒక స్వరము విసరుట, జనము దానిని తిరిగి పలుకుట, ఇట్లు గురువు పాఠము చెప్పినట్లు సాగెను. నూటికి పైగా దేశములలో జనులు టెలివిజనులో చూచిరి. రంగస్థల సంగీతచరిత్రలో ఇంతటి ప్రదర్శన లేదని పిమ్మట పెక్కురు నిర్ణయించిరి. అలంకారములన్నియు తీసివేసిన దినముననే ఆయన గొప్పతనము సంపూర్ణముగా తెలియవచ్చుట గమనింపదగినది.

మరుసటి వేసవిలోనే కిరీటము వచ్చెను. 1986 జులైలో, సోవియట్ ప్రాబల్యములోనున్న హంగేరీ రాజధాని బుడాపెస్టులో క్వీన్ పాడెను; ఫ్రెడీ అరచేతిపై వ్రాసికొనిన హంగేరియన్ జానపదగీతమును పాడగా జనము ఉప్పొంగెను. ఆగస్టు 9న ఇంగ్లండులోని నెబ్‌వర్త్‌లో లక్షకు పైగా జనుల సమక్షమున ఆ యాత్ర ముగిసెను. అదియే ఆ నలుగురి కడపటి కచేరీ యని ఆనాడు ఎవరికిని తెలియదు.

రంగస్థలముపై సింహమువలె సంచరించిన ఈ మనిషి ఇంట మిక్కిలి బిడియస్థుడు. పత్రికలవారితో మాటాడుట ఆయనకు రుచింపదు. లండనులో గార్డెన్ లాడ్జ్ అను ఎత్తుగోడల ఇంట, జపాను దేశపు కళావస్తువుల నడుమ, పెంపుడు పిల్లులతో ఆయన కాలము గడపెడివాడు. యౌవనమున ఆయన ప్రేమించిన మేరీ ఆస్టిన్ కడవరకు ఆప్తురాలుగా నిలిచెను. పిమ్మటి ప్రేమబంధములు పురుషులతోడివి. చివరి యేండ్లలో జిమ్ హటన్ అను ఐరిష్ దేశీయుడు ఆయనకు జీవనసహచరుడు. ఈ సంగతులను గూర్చి ఆయన బహిరంగముగా చెప్పినది స్వల్పము. తన భారతీయమూలమును, పంచగని చదువును గూర్చియు ఆయన చెప్పినది స్వల్పమే.

1987లో తనకు హెచ్.ఐ.వి. సోకినదని ఆయనకు తెలిసెను. నాటికి ఆ వ్యాధికి నమ్మదగిన చికిత్స లేదు. పలు మందులను కలిపి వాడు చికిత్స 1996లో గాని వ్యాప్తికి రాలేదు. అయినను ఆయన పని మానలేదు. స్పెయిను దేశపు ఆపెరా గాయని మోంసెరాత్ కబాయేపై ఆయనకు చిరకాలముగా గురుభావము. ఆమెతో కలిసి 1988లో బార్సిలోనా యను ఆల్బమును వెలువరించెను. ఆ పేరుగల పాట 1992 ఒలింపిక్ క్రీడల సందర్భమున లోకమంతట మ్రోగెను. వినుటకు ఆయన లేడు.

ఆయన చిక్కిపోవుచుండగా లండన్ పత్రికలు కొన్ని ఆయన ఇంటిముందు కాపువేసి ఛాయాచిత్రములు తీసి అచ్చువేసెను. అయినను ఆయన వ్యాధిని ఒప్పుకొనలేదు. ముందుగా వెల్లడించియున్నచో రోగులపై లోకమునకుగల భయము కొంత తగ్గియుండెడిదని తరువాత కొందరు విమర్శించిరి. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని ఆ యేండ్లలో ఆ వ్యాధి పేరు చెప్పినచో రోగియే గాక అతని ఇంటివారును వెలివేయబడుచుండిరి. పాట ప్రజలది, దేహము తనది. కిరీటమును లక్షలమందికి చూపినవాడు గాయమును కూడ చూపవలసినదే యని శాసించు హక్కు మనకు కలదా? పాఠకులు యోచింపవలసిన ప్రశ్న ఇది.

ఆయన చేసినది మరియొకటి. మిగిలిన శ్వాసను పాటకు వినియోగించెను. స్విట్జర్లాండులోని మోంత్రూ పట్టణమున, లెమాన్ సరస్సు ఒడ్డున క్వీన్ వారి స్టూడియో యుండెను. 1991లో, నిలువబడుటయే కష్టమైన దినములలో, ఆయన అచ్చటికి పోయి, తన తదనంతరము మిత్రులు పూర్తిచేయవలసిన పాటలను పాడి యుంచెను. ఆ మే నెలలో పాడిన యొక పాటకు చివరి చరణము మిగిలిపోయెను. మరల వచ్చి పాడెదనని వెళ్లినవాడు రాలేదు. ఆ చరణమును బ్రయన్ మే పాడెను. 1995లో వెలువడిన ఆ ఆల్బమును వినువారికి, ఒక గొంతు ఆగి మరియొక గొంతు ఎత్తుకొన్న ఆ చోటు స్పష్టముగా తెలియును.

1991 నవంబరు 23న తనకు ఎయిడ్స్ వ్యాధి కలదని ఆయన ప్రకటించెను. మరునాడు సాయంకాలము తన ఇంటనే కన్నుమూసెను. వయసు 45 ఏండ్లు. అంత్యక్రియలు జరతుష్ట్రమత పురోహితులే జరిపిరి. ఫ్రెడీ మెర్క్యురీగా లోకమేలినవాడు ఫరోఖ్ బుల్సారాగా సాగిపోయెను. అస్థికలను మేరీ ఆస్టిన్ రహస్యముగా నిక్షేపించెను. ఆ చోటు లోకమునకు తెలియదు.

1992 ఏప్రిల్ 20న వెంబ్లీలో మిత్రగాయకులు సంస్మరణ కచేరీ జరిపిరి. దానివలన ఏర్పడిన మెర్క్యురీ ఫీనిక్స్ ట్రస్టు ఎయిడ్స్ నివారణకొరకు పెక్కు దేశములలో ధనసహాయము చేసినది. బ్రతికియున్నప్పుడు పెదవి విప్పని విషయమును గూర్చి ఆయన పేరే నోరు విప్పెను. 1996లో మోంత్రూ సరస్సు ఒడ్డున ఆయన కంచువిగ్రహము వెలసెను. 2016లో ఆయన డెబ్బదవ జన్మదినమున, కుజ గురు గ్రహముల నడుమ తిరుగు 17473వ చిన్నగ్రహమునకు ఆయన పేరు పెట్టిరి. ఆ సంవత్సరమే ఐరోపా శాస్త్రజ్ఞులు కొందరు ఆయన గొంతును పరిశీలించి, మాటాడునపుడు అది మంద్రమైన మగగొంతేయనియు, పాడునపుడు మాత్రము తారస్థాయిని వశపరచుకొన్నదనియు, ఆయన గమకపు కంపనము సామాన్య గాయకులకంటె వేగమైనదనియు తెలిపిరి. ప్రకృతి ఇచ్చిన దానికంటె పైమెట్టున ఆయన జీవితమంతయు పాడెనన్నమాట.

1980వ దశకపు రంగుల చొక్కాలు వెలిసిపోయినవి. ప్రకటనలు కొన్నవారు మరచినారు, అమ్మినవారు మరచినారు. ఆ సందడిని ప్రేమతో తలచుకొనుటలో తప్పు లేదు. యౌవనమునకు సందడియు కావలయును. కాని ఆర్భాటమును చూచి ముచ్చటపడు విద్యార్థి, దాని వెనుకనున్న పియానో మెట్లను, అరిగిన టేపును, నాటకశాలలోని గడియారమును కూడ చూడవలయును. ఉపాధ్యాయుడు చూడవలసినది మరియొకటి కలదు. తరగతిలో చివరి బల్లపై ఎత్తుపండ్లను పెదవితో కప్పుకొని కూర్చున్న బాలునియందు ఏ విద్య దాగియున్నదో కనిపెట్టి, వాని ఇంటికి ఒక ఉత్తరము వ్రాయుటకు పట్టు కాలము పది నిమిషములు మాత్రమే.